చంద్రుని ఒకే ముఖము: సిద్ధాంతుల నాటినుండి నేటివరకు

చంద్రునకు శశాంకుడు, మృగాంకుడు అని పేర్లు కలవు. అతనియందలి మచ్చను ఒకరు కుందేలందురు, మరియొకరు జింక యందురు. పేరేదైనను ఆ మచ్చ ఎన్నడును తన చోటు విడువదు. తెలుగునాటనే గాక, మనవారు తరతరములుగా నివసించుచున్న కన్నడ సీమలోను, తమిళదేశమునను, ఉత్కళమునను, మహారాష్ట్రమునను ఈ పేర్లు చెక్కుచెదరక నిలుచుటకు హేతువొక్కటే. చంద్రుడు మనవైపు త్రిప్పియుంచిన ముఖమును మార్చుట లేదు. మార్చువాడైనచో కుందేలు కొన్నాళ్లు కనబడి, కొన్నాళ్లు చాటునకు పోవుచుండెడిది.

కంటికింత స్పష్టమైన విషయమునకు కారణము కనుగొనుటకు మానవునకు రెండువేల యేండ్లకు పైగా పట్టినది. అందు మన సిద్ధాంత గ్రంథములు చెప్పినదెంత, చెప్పనిదెంత, తరువాతివారు చేర్చినదెంత యని విడదీసి చూచుటయే ఈ వ్యాసోద్దేశము. సమస్తమును మన పూర్వులే చెప్పిరనువారును, వారికేమియు తెలియదనువారును మన సభలలో కలరు. ఈ రెండు మాటలును చరిత్ర యెదుట నిలువవు.

ముందుగా ఒక భ్రాంతిని తొలగించుకొనవలెను. ఒకే ముఖము కనబడుచున్నది గావున చంద్రుడు తన చుట్టు తాను తిరుగుటయే లేదని పెక్కురు తలంతురు. క్రీస్తు పూర్వము 4వ శతాబ్దమున గ్రీకు తత్త్వవేత్తయైన అరిస్టాటిల్ సైతము ఇట్లే వాదించెను. కాని తులసికోటకు ప్రదక్షిణము చేయు ఇల్లాలిని గమనింపుడు. ఆమె కుడి భుజము సర్వదా కోటవైపే యుండును. ఎడమ భుజము కోటకెన్నడును ఎదురు కాదు. అయినను ఒక ప్రదక్షిణము ముగియునప్పటికి ఆమె ముఖము నాలుగు దిక్కులకును తిరిగియుండును. అనగా కోట చుట్టు తిరుగుటతోపాటు తన చుట్టు తానును ఒక మారు తిరిగినదన్నమాట. చంద్రుని సంగతియు ఇట్టిదే. భూమి చుట్టు తిరుగుటకును, తన చుట్టు తాను తిరుగుటకును అతనికి పట్టు కాలము సమానము: సుమారు 27.3 దినములు. ఈ లోపల భూమియు సూర్యుని చుట్టు కొంత దూరము సాగును గావున, అమావాస్యనుండి అమావాస్యకు సుమారు 29.5 దినములగును.

ఇక మన సిద్ధాంతుల మాట. ఆర్యభటుని ఆర్యభటీయము 499వ సంవత్సరమునకు సంబంధించినది. మనుష్యులు దినములో సగము కాలము సూర్యుని చూతురనియు, చంద్రునియందున్న పితృదేవతలు చాంద్రమాసములో సగము చూతురనియు అందలి గోళపాదమున కలదు. సహ్యాద్రి ప్రాంతపువాడైన భాస్కరాచార్యుడు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణిలో దీనినే మరింత విశదపరచెను. పితరులు చంద్రుని పైభాగమున వసింతురు; అమావాస్యనాడు సూర్యుడు వారి నడినెత్తిన నుండును; కావున అది వారికి మధ్యాహ్నము, పూర్ణిమ వారికి అర్ధరాత్రము. అమావాస్యనాడు తర్పణము విడుచు మన యిండ్లలో ఈ లెక్క నెరిగినవారు కొలది మందియే.

ఈ మాట నిలువవలెనన్నచో చంద్రుని ఆ పైభాగము ఎల్లప్పుడును భూమికి విముఖముగనే యుండవలెను. కావున ఒకే ముఖము కనబడుటవలన కలుగు ఫలితమును సిద్ధాంతులు సరిగా లెక్కించిరని మనము నిస్సంశయముగ చెప్పవచ్చును. కాని చంద్రుడు అట్లేల నిలిచెనను ప్రశ్న ఆ శ్లోకములయందు లేదు. చంద్రుని ఆత్మభ్రమణ ప్రసక్తియు లేదు. లేనిదానిని ఉన్నదని చాటుట ఆ మహనీయులకు గౌరవము కాదు.

కారణాన్వేషణము దూరదర్శని పుట్టిన తరువాత సాగినది. చంద్రబింబపు అంచులు కొంచెము ఊగుచున్నట్లు 17వ శతాబ్దమున గెలీలియో గుర్తించెను. చంద్రుని మార్గము దీర్ఘవృత్తమగుటచే అతని గమనము ఒకప్పుడు శీఘ్రముగను, ఒకప్పుడు మందముగను ఉండును; ఆత్మభ్రమణమో సమవేగమున సాగును. ఆ తేడావలనను, అక్షము కొంత వాలియుండుటవలనను అంచులు తొంగిచూచును. అందుచేత మొత్తముమీద మనము చంద్రునిలో నూటికి 59 పాళ్లు చూడగలుగుచున్నాము. భ్రమణ పరిభ్రమణ కాలముల సమానత్వమును 1693లో కాసినీ నియమరూపమున ప్రకటించెను. అంతకు ముందే 1687లో న్యూటన్, భూమి ఆకర్షణచే చంద్రుడు మనవైపు కొంత సాగియుండుననియు, అందుచేతనే ఆ ముఖము మనవైపు నిలిచియున్నదనియు సూచించెను. ఆ నిలుకడను గణితముచే సాధించి లాగ్రాంజ్ 1764లో పారిస్ అకాడమీ బహుమానము నందెను.

అసలు కారణము సముద్రతీరవాసులకు పరిచితమైనదే. యానాము వద్ద గౌతమీ పాయలోనికి పోటునీరు ఎగద్రోయుట మనవారెరిగినదే గదా! చంద్రుడు మన సముద్రములను లాగునట్లే భూమి చంద్రుని లాగును. భూమి చంద్రునికంటె 81 రెట్లు బరువైనది గావున ఆ లాగుడు మిక్కిలి బలమైనది. పూర్వమొకప్పుడు చంద్రుడు వేగముగ తిరుగుచుండగా, ఈ లాగుడుచే అతని శిలాదేహమున ఏర్పడిన ఉబ్బు భ్రమణముతో ముందునకు జరుగుచుండెడిది. భూమి దానిని వెనుకకు లాగుచు భ్రమణమునకు కళ్లెము వేసినది. రెండు కాలములు సమానమగువరకు ఆ నిరోధము ఆగలేదు. 1754లో కాంట్ సూచించిన ఈ భావమును 1879లో జార్జి డార్విన్ గణితముతో విస్తరించెను. బృహస్పతి యొక్క నాలుగు పెద్ద ఉపగ్రహములును ఇట్లే తమ గ్రహమునకు ఒకే ముఖము చూపుచున్నవి. కాబట్టి ఇది ఒక్క చంద్రుని వింత కాదు.

ఈ ఋణము చంద్రుడును తీర్చుకొనుచున్నాడు. పోటుల రాపిడిచే భూభ్రమణము మందగించి, దినప్రమాణము నూరేండ్లకు సెకండులో వేయింట రెండు పాళ్ల మేర పెరుగుచున్నది. చంద్రుడు ఏటేట 3.8 సెంటీమీటర్లు దూరమగుచున్నాడు. 1969 మొదలు చంద్రునిపై ఉంచబడిన అద్దములకు లేసరు కిరణములను పంపి ఈ దూరమును కొలుచుచున్నారు.

కనబడని ముఖమును 1959 అక్టోబరు 7వ తేదీన రష్యావారి లూనా-3 తొలిసారి ఛాయాచిత్రములు తీసినది. మనకు కుందేలుగ కనబడు నల్లని మైదానముల వంటివి అచట మిక్కిలి తక్కువ. 2019 జనవరి 3వ తేదీన చీనావారి చాంగ్-4 నౌక అచట దిగినది. 2024లో చాంగ్-6 అచటి మట్టిని భూమికి తెచ్చినది. దానిని చీకటి ముఖమనుట పొరపాటు. మనకు అమావాస్యయైన నాడు అచట నిండుపగలు. ఈ మాటనే భాస్కరాచార్యుడు పితరుల పేరిట చెప్పియుండెను.

తెలుగు తీరమందలి శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్-3 యొక్క విక్రమ్ నౌక, 2023 ఆగస్టు 23వ తేదీన మనకు కనబడు పార్శ్వమున దిగినది. అది పనిచేయుటకు నిర్ణయించిన గడువు చంద్రునిపై ఒక పగలు, అనగా మనకు సుమారు 14 దినములు. పితరుల పగలు ఒక పక్షమని చెప్పిన సిద్ధాంతుల లెక్కయు ఇదియే. ఫలితమును చెప్పిన పూర్వులను, కారణమును చెప్పిన పరదేశ పండితులను, ఎవరి పాలు వారికిచ్చి, ఒకే పాఠమున మన బిడ్డలకు మన భాషలో బోధింపవలెను. ఇంటిలో వినిన అమావాస్యయు, బడిలో చదివిన చంద్రుడును ఒక్కటే యని వారెరుగుట మేలు.