తీగె లావు, కొస బిగువు

ఎమ్మిగనూరు నేతగానికి నూలు నంబరును గూర్చి ఎవరును చెప్పవలసిన పనిలేదు. 1938లో అచ్చట నేతపనివారల సహకార సంఘము ఏర్పడుటకు ఎంతో ముందునుంచి ఆ లెక్క వారికి తెలుసు: నంబరు పెరిగినకొలది పోగు సన్నబడును. కరెంటు తీగెలకు కూడ చిరకాలము ఇదే పద్ధతి నడచినది. 1884లో బ్రిటనులో శాసనబద్ధమైన తీగె కొలతలలో 20వ నంబరు తీగె 10వ నంబరు తీగెకంటె సన్నము. ఆ కొలతలే మన దేశమునకు వచ్చినవి. పాతకాలపు పనివారు ‘7/20’ అని పిలిచిన తీగెలో 20వ నంబరు పోగులు ఏడు పేనబడి ఉండును. మెట్రిక్ పద్ధతి వచ్చిన తరువాత నంబరు పోయి చదరపు మిల్లీమీటర్లు నిలిచినవి. ఆ లెక్కన 7/20 తీగె సుమారు 4.6 చదరపు మిల్లీమీటర్లు. అయితే అంగడిలో ‘చదరపు’ అనే మాట జారిపోయి ‘ఇన్ని ఎం.ఎం.’ అని మాత్రమే వినబడును. దీనిని తీగె వ్యాసముగా భావించువారు చాలా పొరపడుదురు. వ్యాసము రెట్టింపైతే అడ్డుకోత వైశాల్యము నాలుగింతలగును.

సన్నని తీగెలో విద్యుత్ప్రవాహమునకు నిరోధము ఎక్కువ, లావు తీగెలో తక్కువ. ప్రవాహమునకు, ఓల్టులకు, నిరోధమునకు గల సంబంధమును 1827లో జర్మను శాస్త్రజ్ఞుడు ఓమ్ ప్రకటించినాడు. నిరోధమువలన పుట్టే వేడి ప్రవాహపు వర్గమునుబట్టి పెరుగునని 1841లో జౌల్ చూపినాడు. అనగా ప్రవాహము రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. తీగె ఎంత లావుండవలెనో తేల్చుటకు ఈ రెండు సూత్రములు చాలును. అయినను చాలాకాలము వాటి అవసరము బ్యాటరీ వాడేవారికి తట్టలేదు. అందుకు కారణము ఆనాటి బ్యాటరీలే.

1871లో మద్రాసునుంచి వచ్చిన రైలుమార్గము రాయచూరు వద్ద బొంబాయి మార్గముతో కలిసినది. అప్పటికి బళ్లారి జిల్లాలోనున్న ఆదోని ఆ దారిమీదనే ఉన్నది. (ఆదోని కర్నూలు జిల్లాలో చేరినది 1953లో.) ఆ కాలపు రైలుమార్గములవెంట తంతి తీగెలు నడచినవి. మన దేశపు తంతి శాఖలో విస్తారముగా వాడిన ఘటము మినొట్టో ఘటము. జాడీ అడుగున రాగిపలక, దానిపై మైలుతుత్తము, ఆపై ఇసుక గాని రంపపుపొట్టు గాని, పైన జింకు బిళ్ల. దీనికి ఓల్టు ఒకటికి కొంచెము పైగా ఉండును. కాని దాని లోపలి నిరోధము చాలా ఎక్కువ. అది పది ఓములనుకొన్నచో, రెండు కొసలను తీగెతో నేరుగా కలిపినను వచ్చేది ఆంపియరులో సుమారు పదోవంతే. ఇక తీగె వేడెక్కుట ఎక్కడిది? ముడి వదులైతే కబురు అందకపోవచ్చును గాని కొంప కాలదు. ఓషాఘ్నెసీ 1851లో కలకత్తా, డైమండ్ హార్బరుల మధ్య తంతికి అంగుళములో మూడెనిమిదోవంతు లావున్న ఇనుప కడ్డీలు వాడినాడు. ఆ లావు కరెంటుకొరకు కాదు, గాలివానకు, కోతులకు తట్టుకొనుటకు!

1859లో ఫ్రాన్సులో ప్లాంటే సీసపు పలకలతో తిరిగి నింపుకొనగల ఘటమును చేసినాడు. దాని లోపలి నిరోధము ఓములో చిన్న భాగము మాత్రమే. అప్పటినుంచి కథ మారినది. ఘటము మెరుగైనకొలది భారము తీగెమీద పడినది. డైనమోలు, దీపములు వచ్చినప్పుడు ఇదే చిక్కు పెద్దదై ఎదురైనది. 1882లో న్యూయార్కులో ఎడిసన్ 110 ఓల్టులతో దీపములు వెలిగించినప్పుడు యంత్రములతోబాటు రాగి ఖర్చుకూడ ఆయనను వేధించినది. మరుసటి సంవత్సరమే మూడు తీగెల పద్ధతితో ఓల్టులు రెట్టింపు చేసి రాగిని సగానికిపైగా తగ్గించగలిగినాడు. లావు తీగె కొనలేనప్పుడు ఓల్టులు పెంచుటయే మార్గము.

ఆ మార్గమే లోకమంతట వ్యాపించినది. తుంగభద్రవద్ద పుట్టిన కరెంటైనను, మరొకచోట పుట్టినదైనను, వేల ఓల్టులతో ప్రయాణించి ట్రాన్స్‌ఫార్మరులో దిగి ఇంటికి 230 ఓల్టులతో వచ్చును. అయిదు కిలోవాట్ల పనికి 22 ఆంపియర్లు చాలును. అందువలన పనివాని చేతికి అలవాటైన తీగెయే ప్రమాణమై కూర్చున్నది.

లిథియం బ్యాటరీ ఆ అలవాటును తలక్రిందులు చేసినది. విటింగ్‌హామ్ 1970లలో మొదలుపెట్టి, గుడినఫ్ 1980లో, యోషినో 1985లో ముందుకు తెచ్చిన ఈ ఘటము 1991లో అంగడికి వచ్చినది. ఆ ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి లభించినది. సౌరఫలకముల వెనుక నేడు ఎక్కువగా వాడబడే లిథియం-ఇనుము-ఫాస్ఫేటు రకము 1997లో వెలువడినది. ఒక్కొక్క ఘటము 3.2 ఓల్టులు. పదునారింటిని వరుసగా కలిపిన 51.2. పెద్ద ఘటము లోపలి నిరోధము ఓములో వెయ్యోవంతుకన్న తక్కువ.

ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి తన దుకాణమునకు ఇటువంటి బ్యాటరీతో అయిదు కిలోవాట్ల ఇన్వర్టరు పెట్టించినాడనుకొనవచ్చును. ఇన్వర్టరులో పోయే నష్టముతో కలిపి బ్యాటరీనుంచి సుమారు 108 ఆంపియర్లు రావలెను. పోను మూడు మీటర్లు, రాను మూడు మీటర్లు, మొత్తము ఆరు మీటర్ల రాగి తీగె. ఇంటి కరెంటు అలవాటున 6 చదరపు మి.మీ. తీగె వేసినచో దాని నిరోధము ఓములో వెయ్యింట 17 వంతులు. అది మొత్తము పదునారు ఘటముల లోపలి నిరోధముకంటె ఎక్కువ! ఆ తీగెలో 1.9 ఓల్టులు పోయి, 200 వాట్ల వేడి పుట్టును. పూత కరిగిపోవుటకు అది చాలును. 35 చదరపు మి.మీ. తీగె వేసిన పక్షమున పోయేది 0.32 ఓల్టు, పుట్టే వేడి 34 వాట్లు. ఎండకాలములో ఆదోని వేడికి ఈ లెక్క ఇంకను బిగియును. డిగ్రీకి వందకు 0.4 వంతున రాగి నిరోధము పెరుగును, తీగె చల్లారుటయు కష్టమగును. ఇదే పని 12 ఓల్టుల బ్యాటరీతో చేయబోతే ప్రవాహము నాలుగింతలు, అదే తీగెలో వేడి పదునారింతలు. ఎడిసన్ నేర్చిన పాఠమే ఇది.

తీగె లావు కుదిరినను కొస కుదరకపోవచ్చును. అసలు ప్రమాదము తరచు అక్కడే. ఓములో వెయ్యోవంతు నిరోధమున్న ముడిలో 108 ఆంపియర్లకు సుమారు 12 వాట్ల వేడి పుట్టును. 12 వాట్లు తీగె పొడవునా పరచుకొంటే తెలియదు. బొటనవ్రేలి గోరంత చోట చేరితే ముడి కాలును. కాలిన ముడి మరింత వదులగును. వదులైన ముడి మరింత కాలును. దూది నూగు గాలిలో తేలియాడే ఊరిలో ఇది చిన్న సంగతి కాదు.

ఈ ఘటముల ధ్రువములు చాలావరకు అల్యూమినియమువి. గాలి తగిలినంతనే అల్యూమినియముపై ఆక్సైడు పొర ఏర్పడును. అది కరెంటును పోనీయదు. వేడికి అల్యూమినియము రాగికన్న ఎక్కువ వ్యాకోచించును. ఒత్తిడికి మెల్లగా అణగి ముడి సడలును. 1960లలో రాగి ధర పెరిగి అమెరికాలో లక్షల ఇండ్లకు అల్యూమినియము తీగె వేసినప్పుడు, తీగె మధ్య కాక కొసలవద్దనే నిప్పు పుట్టినది. కనుక ధ్రువమును రుద్ది శుభ్రపరచి, తగరము గాని నికెలు గాని పూసిన రాగి పట్టీని వేసి, తయారీదారు చెప్పిన బిగువుకు టార్కు పానాతో బిగించవలెను. ఎక్కువ బిగిస్తే మెత్తని మర తెగును. లగ్గును సుత్తితో కొట్టక సరియైన అచ్చుతో నొక్కవలెను. లగ్గుకు, ధ్రువమునకు నడుమ వాషరు వేయుట తరచు జరిగే తప్పు. స్టెయిన్‌లెస్ స్టీలు నిరోధము రాగికి సుమారు నలుబది రెట్లు. వాషరు స్థానము లగ్గుపైన, నట్టుక్రింద.

రెండు కొసలు పొరపాటున తాకినచో మినొట్టో ఘటమువలె ఇది ఊరుకొనదు. వేల ఆంపియర్లు ఒక్కసారిగా పారును. అందుచేత అంతటి ప్రవాహమును త్రెంచగల ఫ్యూజు ధనధ్రువమునకు సాధ్యమైనంత దగ్గరగా ఉండవలెను.

ముడిని పరీక్షించుటకు పెద్ద పరికరము అక్కరలేదు. పూర్తి భారము నడుచుచుండగా మీటరు కొసనొకదానిని ధ్రువముపైన, రెండవదానిని లగ్గుపైన ఆనించవలెను. ఓల్టులో వెయ్యింట ఒకటి రెండు వంతులు చూపిన ముడి బాగున్నట్లు; వంద వంతులు చూపినచో కరెంటు ఆపి, విప్పి, తుడిచి, మరల బిగించవలసినదే.