వంశవృక్షంలో లేని పేరు

రండర్రా, మంటకి దగ్గరగా జరగండి. ధనుర్మాసంలో గోదారి గాలి ఊరుకోదు. బుజ్జమ్మా, ఆ చిదుగులు ఇలా అందించు.

ప్లీడరు తాతయ్య కోర్టులో ఏం చేసేవాడని అడిగారు కదూ? వాదించేవాణ్ణని అందరూ అనుకుంటారు. వాదన ఆఖర్న వచ్చే పని. ఆస్తి తగువుల్లో ముప్పాతిక వంతు కాయితాలు చదవడమే.

పోలవరం నుంచి గూటాల, తాళ్లపూడి మీదుగా కొవ్వూరు కోర్టుకి వెళ్లేవాణ్ణి. పంపకాల దావా వెయ్యాలని ఎవరొచ్చినా నేను మొదట అడిగేది వంశవృక్షం. తాత పేరు పైన, కొడుకులు కింద, మనవలు ఆ కింద, చక్కగా గీసుకొచ్చేవారు. "మరి ఆడపిల్లలేరండీ?" అనేవాణ్ణి. "వాళ్లకి పెళ్లిళ్లు చేసేశాం కదండీ, పసుపుకుంకుమ కింద అరెకరం ఇచ్చాం కూడానూ" అనేవారు. ఇచ్చినట్టు దస్తావేజు ఉండేది కాదు. భూమిని దానంగా ఇస్తే రిజిస్ట్రీ ఉండాలి, నోటిమాట చెల్లదు. అంటే ఆ అమ్మాయికి అరెకరమూ దక్కలేదు, వాటా కూడా రాలేదు.

పంపకాల దావాలో వాటాదారులందరూ కోర్టు ముందుకి రావాలి. ఎవరినైనా చేర్చకపోతే అవతలి ప్లీడరు ఆ లోపం పట్టుకుంటాడు, దావా వీగిపోతుంది. అందుకే ఆడపడుచుల పేర్లు రాసుకురండి, అప్పుడే వకాల్తా పుచ్చుకుంటాననేవాణ్ణి. కొందరు లేచి వెళ్లిపోయేవారు. పోనియ్యండి అనుకునేవాణ్ణి.

పెద్దింటి తగువులు కూడా ఇవేరా. పిఠాపురం రాజావారు గంగాధర రామారావు గారు వెంకటగిరి వారి పిల్లవాణ్ణి దత్తత చేసుకున్నారు. తర్వాత 1885లో ఆయనకి సొంత కొడుకు పుట్టాడు. ఎస్టేటంతా ఈ పిల్లవాడికే చెందేట్టు వీలునామా రాసి పోయారు. దత్తపుత్రుడు దావా వేశారు. అది పైకి పైకి వెళ్లి లండన్లో ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. వీలునామా చెల్లుతుందని 1899లో వాళ్లు తేల్చారు. అప్పుడు నెగ్గిన ఆ చిన్నపిల్లవాడే తర్వాత సూర్యరాయాంధ్ర నిఘంటువుకి పోషకుడైన మహారాజా. మా గురువుగారు ఆ తీర్పు మా చేత ఎన్నోసార్లు చదివించేవారు.

నాకు మాత్రం అంతకన్నా తులసమ్మ గారి కేసంటే ఎక్కువ గౌరవం. భర్త పోయాడు. మరిదితో మనోవర్తి కోసం పోరాడితే, బతికినన్నాళ్లూ అనుభవించుకోమని రాజీలో కొంత ఆస్తి ఇచ్చారు. ఆవిడ అందులో కొంత అమ్మితే నీకా హక్కు లేదని మరిది కోర్టుకెక్కాడు. మనోవర్తి ఆవిడ హక్కు, ఆ హక్కు కింద వచ్చిన ఆస్తికి 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక ఆవిడే పూర్తి యజమాని అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. మన తెలుగు ఆడమనిషి ఒకావిడ పట్టుబట్టి నిలబడితే దేశంలో ఎందరో వితంతువులకి దారి ఏర్పడింది.

తర్వాత మన రాష్ట్రం చట్టం తెచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికి పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో వాటా. అయితే అంతకుముందే పెళ్లయినవాళ్లకి లేదన్నారు. ఆ తేదీ వల్ల అక్కకి లేని వాటా చెల్లెలికి వచ్చిన ఇళ్లున్నాయి. ఆ అక్కల మొహాలు చూడలేకపోయేవాణ్ణి. 2005లో కేంద్రం దేశమంతటికీ వర్తించేలా చట్టాన్ని సవరించాక ఆ అడ్డు పోయింది. ఆ సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్ట్రీ అయిన పారీఖత్తు, అంటే పంపకాల దస్తావేజు గానీ కోర్టు డిక్రీ గానీ ఉంటే దాన్ని కదపడానికి లేదు.

చట్టం మారితే మనిషి కొత్త దారులు వెతుకుతాడు. సంక్రాంతికి ఆడపడుచుని పిలుస్తారు, చీర పెడతారు, మర్నాడు రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్లి హక్కు విడుదల పత్రం మీద వేలిముద్ర వేయిస్తారు. "కాయితం చదివి వినిపించారా అమ్మా?" అని అడిగితే, "అన్నయ్య చెప్పాడండీ, వేలిముద్ర వేశాను" అనేవారు. ఇది నాకు ఇప్పటికీ కోపం తెప్పించే సంగతి.

ఏజెన్సీ ఊళ్లలో కథ వేరు. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకి వర్తించదు. కోయ, కొండరెడ్డి ఆడబిడ్డల వాటా వాళ్ల తెగ ఆచారం మీదే ఆధారపడి ఉంటుంది. పోలవరం ప్రాజెక్టు కోసం దేవరగొంది, మామిడిగొంది, పైడిపాక లాంటి ఊళ్లు ఖాళీ అయినప్పుడు పట్టా ఎవరి పేరునుంటే పరిహారం వాళ్లకే. పట్టాదారు చనిపోయి ఉంటే వారసులెవరన్నది తేలాలి, వాటాల తగువుంటే అది తీరేదాకా సొమ్ము చేతికి రాదు. 2013 భూసేకరణ చట్టం పునరావాసంలో వితంతువునీ, విడాకులైన ఆవిణ్ణీ, ఇంటివాళ్లు వదిలేసిన ఆవిణ్ణీ వేరే కుటుంబంగా లెక్కించమంది. ఆ సంగతి ఆ ఆడవాళ్లకి చెప్పేవాళ్లు ఉండాలి కదా!

మీకు చెప్పేది ఒకటే. పెద్దవాళ్లు బతికుండగానే వీలునామా రాయించుకోండి. ఇద్దరు సాక్షులు తప్పకుండా ఉండాలి. రిజిస్ట్రీ చట్టప్రకారం తప్పనిసరి కాదు గానీ చేయిస్తేనే మేలు. రేపు ఇళ్లకెళ్లాక మీ నాన్నల్ని వంశవృక్షం తియ్యమనండి. మీ మేనత్తల పేర్లు అందులో లేకపోతే వెంటనే రాయించండి.