కంపెనీ వేరు, యజమాని వేరు: బహదూర్‌పల్లి నేర్పిన న్యాయం

మేడ్చల్ రహదారిలో కొంపల్లి దగ్గర పడమటికి మళ్లి దూలపల్లి మీదుగా వెళితే బహదూర్‌పల్లి వస్తుంది. అక్కడి విశాలమైన ఆవరణలో ఇప్పుడు మహీంద్రా విశ్వవిద్యాలయం, టెక్ మహీంద్రా కార్యాలయాలు ఉన్నాయి. 2009 దాకా ఆ ఆవరణ పేరు సత్యం టెక్నాలజీ సెంటర్. గేటు మీద పేరు మారింది, యజమానులు మారారు, లోపల పని మాత్రం నిలిచిపోలేదు. మన దేశపు కంపెనీ చట్టాల చరిత్రలో ఇది చిన్న విషయం కాదు.

అప్పులు తీర్చలేని మనిషిని గురించి మన ఊళ్లలో ‘ఐపీ పెట్టాడు’ అంటారు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అన్న కోర్టు మాటకు అది పొట్టి రూపం. ఆ మాటలో కర్త ఎప్పుడూ మనిషే. దుకాణం మూతపడినా మిల్లు ఆగిపోయినా ఐపీ పెట్టింది ఫలానా ఆయన అనే చెప్పుకుంటాం. వ్యాపారం వేరు, దాన్ని నడిపే మనిషి వేరు అన్న ఊహ ఆ నుడికారంలో లేదు. చట్టంలో ఆ ఊహ మొదటి నుంచీ ఉంది. అయినా ఆచరణలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

పాత చట్టం ఎలా పనిచేసిందో బహదూర్‌పల్లికి దగ్గరలోని బాలానగర్ చెబుతుంది. సోవియట్ సహకారంతో వెలసిన ఐడీపీఎల్ మందుల కర్మాగారం హైదరాబాద్ ఔషధ పరిశ్రమకు బడి లాంటిది. డాక్టర్ రెడ్డీస్ స్థాపకుడు అంజిరెడ్డి అక్కడ పనిచేసినవారే. 1992లో ఐడీపీఎల్‌ను ఖాయిలా సంస్థగా ప్రకటించారు. 1985 నాటి ఖాయిలా పరిశ్రమల చట్టం కింద ఏర్పడిన బీఐఎఫ్‌ఆర్ ముందుకు దాని ఫైలు వెళ్లింది. పునరుద్ధరణ పథకం వచ్చింది, ఫలించలేదు. ఆ చట్టం 22వ సెక్షన్ ప్రకారం విచారణ సాగినంత కాలం అప్పులవాళ్లు వసూలుకు దిగడానికి వీల్లేదు. సంస్థను కాపాడాలని పెట్టిన ఆ రక్షణ చాలాచోట్ల యాజమాన్యాలకు రక్షణ అయింది. ఏళ్లు గడిచేవి, యంత్రాలు తుప్పుపట్టేవి, కుర్చీలో మనిషి మాత్రం మారేవాడు కాదు.

ఈ నేపథ్యంలో 2009 జనవరి 7 వచ్చింది. సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు ఆ ఉదయం డైరెక్టర్లకు లేఖ రాశారు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని అందులో ఒప్పుకున్నారు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల లెక్క ఆ మోసపు తీరును ఇంకా బాగా చూపుతుంది. ఆదాయం 2,700 కోట్లని ప్రకటించారు, వచ్చింది 2,112 కోట్లు. నిర్వహణ మిగులు 649 కోట్లని చూపారు, నిజంగా మిగిలింది 61 కోట్లు. అంటే నూటికి 24 రూపాయలు మిగులుతున్నట్టు కనిపించిన వ్యాపారంలో మిగులుతున్నది 3 రూపాయలే.

ఈ లెక్కను మరో వైపు నుంచి కూడా చదవాలి. 2,112 కోట్ల ఆదాయం నిజం. దాని వెనుక వందల మంది ఖాతాదారులు, 50 వేలకు పైగా ఉద్యోగులు ఉన్నారు. లెక్కలు దొంగవి, పని దొంగది కాదు. ఈ తేడా పట్టుకున్నవారే సంస్థను కాపాడగలిగారు.

జనవరి 9న కేంద్ర ప్రభుత్వం కంపెనీ లా బోర్డుకు వెళ్లింది. 1956 నాటి కంపెనీల చట్టంలోని 388బి, 397, 398 తదితర సెక్షన్ల ఆధారంగా పాత డైరెక్టర్ల బోర్డును రద్దు చేయించింది. దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లను మొదట నియమించి, తర్వాత తరుణ్ దాస్, టి.ఎన్. మనోహరన్, ఎస్.బి. మైనక్‌లను చేర్చింది. ఖజానా నుంచి సాయం ఇవ్వలేదు. కొత్త బోర్డు బ్యాంకుల నుంచి అప్పు తెచ్చి జీతాలు ఇచ్చింది. నమ్మదగిన ఖాతా పుస్తకాలే లేని కంపెనీని అమ్మకానికి పెట్టడమంటే నియమాలు కూడా సడలాలి. సెబీ టేకోవర్ నిబంధనల్లో 29ఎ అనే కొత్త నిబంధన చేర్చింది. సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.పి. భరూచా వేలం ప్రక్రియను పర్యవేక్షించారు. ఏప్రిల్ 13న బిడ్లు తెరిచారు. డబ్ల్యూఎల్ రాస్ షేరుకు 20 రూపాయలు, ఎల్ అండ్ టీ 45.90 రూపాయలు పాడగా, టెక్ మహీంద్రా 58 రూపాయలతో గెలిచింది. లేఖ వచ్చిన నాటి నుంచి లెక్కపెడితే 96 రోజులు.

దేశం లోపలి కథ అంత వేగంగా ముగిసినా, బయటి కథ ఏళ్ల తరబడి సాగింది. లేఖకు ముందే, ప్రపంచ బ్యాంకు సత్యంను ఎనిమిదేళ్ల పాటు తన కాంట్రాక్టులకు అనర్హం చేసింది. తన సిబ్బందికి అనుచిత ప్రయోజనాలు కల్పించారన్నది ఆరోపణల్లో ఒకటి. కంపెనీ షేర్లకు ప్రతిగా అమెరికాలో ఏడీఆర్‌లు చలామణిలో ఉన్నందున అక్కడి మదుపర్లు సామూహిక దావా వేశారు. 2011లో 12.5 కోట్ల డాలర్లకు అది రాజీపడింది. అమెరికా సెక్యూరిటీస్ కమిషన్‌కు మరో కోటి డాలర్లు కట్టాల్సి వచ్చింది. బ్రిటన్‌కు చెందిన యూపెయిడ్ సంస్థ పాత వివాదం 7 కోట్ల డాలర్లతో తీరింది. ఈ సొమ్మంతా కట్టింది తప్పు చేసినవారు కాదు, కొత్త యాజమాన్యం కింద నడుస్తున్న అదే కంపెనీ. ఢిల్లీలో ఇచ్చిన ఉత్తర్వు న్యూయార్క్ కోర్టును ఆపదు. నిషేధమైనా, జరిమానా అయినా మనిషిని వదిలి కంపెనీ పేరును పట్టుకుంటుంది.

స్వదేశంలోనూ ఈ చిక్కు తప్పలేదు. మనీ లాండరింగ్ చట్టం కింద 2012లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ 822 కోట్ల రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్లను తాత్కాలికంగా జప్తు చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఉమ్మడి హైకోర్టు 2018 చివర్లో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఈలోపు 2013 జూన్‌లో సత్యం టెక్ మహీంద్రాలో విలీనమైంది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు రామలింగరాజుకూ మరో తొమ్మిది మందికీ ఏడేళ్ల జైలుశిక్ష వేసింది. శిక్ష మనుషులకు పడింది, సంస్థ బతికింది. అప్పటికది ఒక్క కేసులో కుదిరిన ఏర్పాటే, చట్టంగా మారలేదు.

చట్టం 2016లో వచ్చింది. దివాలా స్మృతి ఆ ఏడాది డిసెంబరు 1న కంపెనీలకు అమల్లోకి వచ్చింది, అదే రోజు బీఐఎఫ్‌ఆర్ రద్దయింది. అమెరికాలో చాప్టర్ 11 కింద సాధారణంగా పాత యాజమాన్యమే కుర్చీలో ఉండి కంపెనీని చక్కదిద్దుకుంటుంది. మన స్మృతి ఆ దారి పట్టలేదు. కేసు స్వీకరించగానే బోర్డు అధికారం పరిష్కార నిపుణుడి చేతికి వెళుతుంది, నిర్ణయం రుణదాతల కమిటీది. బహదూర్‌పల్లి కోసం ప్రత్యేకంగా చేసిన పనిని ఇప్పుడు ఏ కంపెనీకైనా చేయవచ్చు.

ఈ స్మృతి కింద దేశంలో తొలి పరిష్కార ప్రణాళిక ఆమోదం పొందింది కూడా హైదరాబాద్‌లోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ)లోనే. విశాఖలో అల్లాయ్ చక్రాలు చేసిన సినర్జీస్ డూరే కేసులో 2017 ఆగస్టు 2న ఉత్తర్వు వెలువడింది. దాదాపు 972 కోట్ల బకాయిలకు రుణదాతలకు దక్కింది నూటికి ఆరు రూపాయలు. ప్రణాళిక ఇచ్చినది అనుబంధ సంస్థ సినర్జీస్ కాస్టింగ్స్. అప్పుల్లో ముంచిన వర్గమే అప్పు వదిలించుకుని ఆస్తిని తిరిగి పొందుతుందన్న ఆందోళన దేశమంతా వినిపించింది. ఆ నవంబరులోనే ఆర్డినెన్సు ద్వారా స్మృతిలో 29ఎ సెక్షన్ వచ్చింది. మొండి బకాయిల ప్రమోటర్లు తమ కంపెనీకి తామే బిడ్డు వేయకుండా అది అడ్డుకట్ట వేసింది. 2019 డిసెంబరులో 32ఎ సెక్షన్ తోడైంది. యాజమాన్యం నిజంగా మారితే, పాతవాళ్ల నేరాలకు కంపెనీపై విచారణ, ఆస్తుల జప్తు ఉండవు. నేరం చేసినవారిపై కేసు మాత్రం కొనసాగుతుంది. సత్యం చెల్లించిన జరిమానాలను, బ్యాంకులో స్తంభించిన డిపాజిట్లను తలచుకుంటే ఈ 32ఎ సెక్షన్ విలువ అర్థమవుతుంది.

రాజు కుటుంబం పెంచిన మరో సంస్థ మేటాస్ ఇన్‌ఫ్రా చరిత్ర ఇంకో పాఠం చెబుతుంది. 2009లో దాని ప్రమోటర్ స్థానంలోకి మౌలిక వసతులకు అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ సంస్థ వచ్చింది. తొమ్మిదేళ్లకు ఆ రక్షకుడే మునిగాడు. 2018 అక్టోబరు 1న ముంబై ఎన్‌సీఎల్‌టీ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ బోర్డును తొలగించి ఉదయ్ కొటక్ నాయకత్వంలో కొత్త బోర్డును పెట్టింది. సత్యం దగ్గర నేర్చిన పద్ధతే ఇక్కడా పనికొచ్చింది. అయితే గ్రూపులోని 302 సంస్థల్లో 133 విదేశాల్లో నమోదైనవి. అప్పుల వసూలును ఆపే ఇక్కడి మారటోరియం అక్కడి కోర్టులను కట్టడి చేయలేదు. అంతర్జాతీయ దివాలా వ్యవహారాలకు ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ సంఘం 1997లోనే నమూనా చట్టం ఇచ్చింది. మన దేశంలో నిపుణుల కమిటీ 2018లో దాన్ని అనుసరించమని సిఫారసు చేసింది. అది ఇంకా చట్టం కానందున 2019లో జెట్ ఎయిర్‌వేస్ కేసులో డచ్ కోర్టు నియమించిన ట్రస్టీతో ఒప్పందం రాసుకుని పని నడపాల్సి వచ్చిందంటే ఆ లోటు ఎంతటిదో తెలుస్తుంది.

 ఇదంతా పెద్ద సంస్థల కథ, మేడ్చల్, జీడిమెట్ల పారిశ్రామికవాడల్లోని చిన్న యూనిట్ల సంగతి వేరు. చిన్న పరిశ్రమల కోసం 2021లో ప్రీప్యాక్ పద్ధతి వచ్చింది. రుణదాతలతో ముందే ఒప్పందం కుదుర్చుకుని యజమానే సంస్థను నడుపుకోవడానికి అది వీలిస్తుంది. వాటికి 29ఎ కాఠిన్యం కూడా కొంత సడలించారు. అది సరైన పని. లేత్ మిషన్ పక్కనే నిలబడి పనిచేసే యజమానిని తీసేస్తే, వెనుక నడిపేవాళ్లెవరూ ఉండరు. పెద్ద కంపెనీలో మనిషినీ సంస్థనూ విడదీయడం న్యాయం. చిన్న షెడ్డులో ఆ రెంటినీ కలిపి నిలబెట్టడం న్యాయం. ఎక్కడ ఏది చేయాలో తెలిసినప్పుడే చట్టం పక్వమైనట్టు. అప్పటిదాకా జీడిమెట్లలో మూతపడ్డ ప్రతి షెడ్డు ముందూ ‘ఫలానా ఆయన ఐపీ పెట్టాడు’ అన్న మాటే వినిపిస్తుంది. అక్కడ పని పోగొట్టుకున్నవాళ్ల ఊసు ఆ మాటలో ఉండదు.