ఇచ్చువాఁడు, పుచ్చుకొనువాఁడు, అడుగువాఁడు



దేవాలయపు మాన్యమును కౌలునకుఁ దీసికొన్నవాఁడే ఆ దేవాలయమునకు ధర్మకర్త యైనచో, కౌలు బకాయిని అడుగువా రెవ్వరు? నేఁడు నేను మనవి చేయఁబోవు చరిత్ర మధ్య ఐరోపాలోనిది. అయినను దాని మర్మ మీ ప్రశ్నయందే యున్నది.

1989 నవంబరులో చెకోస్లొవేకియాలో కమ్యూనిస్టు పార్టీ యేకచ్ఛత్రాధిపత్యము కూలెను. అంతవఱకు నోట్లను వెలువరించుటయు, కర్మాగారములకు అప్పు లిచ్చుటయు ప్రధానముగఁ బ్రభుత్వ బ్యాంకే చేయుచుండెను. ఆ యప్పులు ప్రణాళిక యాజ్ఞ ననుసరించి యిచ్చినవి. తీరునా, తీరదా యని విచారించినవారు తక్కువ. 1990 జనవరి 1వ తేదీన ఆ బ్యాంకును విభజించి, వర్తక వ్యవహారములకై కొమెర్చ్నీ బ్యాంకు మొదలగువానిని వేఱుపఱచిరి. క్రొత్త బ్యాంకులకుఁ బాత బాకీలే వారసత్వముగ సంక్రమించెను.

వీనిని ప్రజలపరము చేయుటకు ఆర్థికమంత్రి వాత్స్లావ్ క్లౌస్ పక్షమువారు కూపన్ల పద్ధతి నవలంబించిరి. వయస్సు వచ్చిన ప్రతి పౌరుఁడును సుమారు 1000 కొరునాలు చెల్లించి యొక పుస్తకము కొని, అందలి కూపన్లతోఁ గర్మాగారములలోను, బ్యాంకులలోను వాటాలు పొందవచ్చును. 1992 నాఁటి మొదటి విడతలో సుమారు 85 లక్షలమంది పాల్గొనిరి. చూచుటకు ధర్మమైన పంపకమే.

కాని సామాన్యునకు వాటాల బేరము తెలియదు గదా! పెక్కండ్రు తమ కూపన్లను పెట్టుబడి నిధుల కప్పగించిరి. ఆ నిధులలోఁ బెద్దవానిని పెక్కింటిని స్థాపించినవి బ్యాంకులే. పెద్ద బ్యాంకులలో ముఖ్యమైన వాటా ప్రభుత్వమునొద్దనే నిలిచెను. ఇట్లు ప్రభుత్వము చేతిలో బ్యాంకు, బ్యాంకు చేతిలో నిధి, నిధి చేతిలోఁ గర్మాగారము నుండఁగా, ఆ కర్మాగారమే బ్యాంకునకు బాకీపడియుండెను. గట్టిగ నడిగినచోఁ దన నిధి సొత్తే నష్టపడును. కావున పాత యప్పు తీర్చుటకుఁ గ్రొత్త యప్పు నిచ్చుచు వచ్చిరి.

వీనిలో నొకటి పెట్టుబడి-తపాలా బ్యాంకు. ప్రభుత్వము దానిలోని తన వాటాను 1998లో జపానుదేశపు నొమూరా సంస్థ కమ్మినను పాత చిక్కులు విడలేదు. 2000 జూనులో సొమ్ము దాఁచుకొన్నవారు దాని వాకిళ్ల బారులు తీరిరి. 16వ తేదీన కేంద్ర బ్యాంకు దానిపై నిర్వాహకుని నియమించెను. మూఁడు దినములలో నది మఱియొక బ్యాంకున కమ్ముడుపోయెను. దాఁచుకొన్నవారి సొమ్ము దక్కెను గాని, నష్టభారము ఖజానాపై, అనఁగాఁ బన్ను కట్టువారిపైఁ బడెను. తక్కిన మూఁడు పెద్ద బ్యాంకులు 1999-2001 సంవత్సరములలో బెల్జియము, ఆస్ట్రియా, ఫ్రాన్సు దేశముల బ్యాంకుల వశమయ్యెను.

హంగరీవారు కూపన్ల త్రోవఁ ద్రొక్కలేదు. ఖజానాయే చెడు బాకీల భారమును వహింపఁగా, 1994-97 నడుమ పెక్కు బ్యాంకులను విదేశీయుల కమ్మిరి. అదియుఁ దుదిమాట కాలేదు. 2014-15లో ఆ ప్రభుత్వమే రెండు బ్యాంకులను తిరిగి కొనెను.

పత్రముమీఁద యజమాని పేరు మాఱినంతమాత్రమున బాకీ వసూలు కాదు. మీ యూరి సహకార సంఘపు లెక్కలు చూచునప్పుడును ఈ మూఁడు ప్రశ్నలు వేయుఁడు: ఇచ్చువాఁ డెవఁడు? పుచ్చుకొనువాఁ డెవఁడు? అడుగువాఁ డెవఁడు? మూఁటికి నొక్కపేరే వచ్చెనా, మేలుకొనుఁడు.