విద్యార్థుల కలవరము – కళాభ్యాసము

విద్య మనుష్యునకు ధైర్యము నొసగవలయునని పెద్దలు చెప్పుదురు. కాని నేడు మన కళాశాలలలో విద్యతోపాటు భయము కూడ పెరుగుచున్నట్లు కానవచ్చుచున్నది. పరీక్షలు సమీపించినకొలది నిద్ర పట్టకుండుట, అన్నము రుచింపకుండుట, చదివినది జ్ఞప్తికి రాక గుండె దడదడలాడుట, ఇవన్నియు తల్లులు తమ యిండ్లలో చూచుచున్నవే. 2022 వ సంవత్సరమున మన దేశమున ఆత్మహత్య చేసికొన్న విద్యార్థులు 13,044 మంది యని జాతీయ నేరగణాంక సంస్థ వారు ప్రకటించిరి. ఈ మరణములన్నిటికిని పరీక్షలే కారణమని చెప్పరాదు. అయినను ఇన్ని గృహములలో దీప మారిపోవుచుండగా, చదువుకొను పిల్లల మనస్సు లేస్థితిలో నున్నవని విచారింపకుండుట మనకు తగదు.

ఈ విచారణకు ఓరుగల్లు తగిన స్థలము. 1959 లో ఇచ్చట వైద్య కళాశాలయు, ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలయు నెలకొనెను. 1976 లో కాకతీయ విశ్వవిద్యాలయ మేర్పడెను. నాటినుండి దూరపు పల్లెల బిడ్డలు వేలకొలది యిచ్చటికి వచ్చి, వసతిగృహములలో నొంటరిగా నుండి, తమ కుటుంబముల యాశల నన్నిటిని భుజములపై మోయుచు చదువుచున్నారు. ఆ బరువును దింపు నుపాయములలో నొకటి ఈ నగర చరిత్రలోనే కలదు.

కాకతి గణపతిదేవుని గజసేనకు నాయకుడైన జాయపసేనాని క్రీ. శ. 1254 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించెను. ఏనుగులను నడపు సేనాపతి నాట్యశాస్త్రము వ్రాయుట ఆ కాలమువారికి వింతగా తోచలేదు. ఆ గ్రంథమున సగభాగము దేశినృత్యములకే, అనగా జనసామాన్యమునందు ప్రచారముననున్న యాటలకే వినియోగింపబడినది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామమున ఇరువురు మిత్రులు ఓరుగంటి వీధులలో తిరుగుచు పల్నాటి వీరుల కథాగానమును, పలువిధముల వినోదములను చూతురు. కళ యన నాడు కొందరి సొత్తుగాక, వీధిలో నడచు ప్రతివానికి నందుబాటులోనుండిన వస్తువు. అది తీరికవేళ ధరించు నగ యను తలంపు మనకు తరువాత వచ్చినది.

ఓరుగంటి పాతపేటలలో నొకటియగు మట్టెవాడయందు 1932 డిసెంబరు 28 వ తేదీన నేరెళ్ల వేణుమాధవ్ జన్మించెను. పక్షుల కూతలను, యంత్రముల చప్పుళ్లను, చలనచిత్ర నటుల కంఠములను తన గొంతున పలికించుట బాల్యమునుండియు ఆయన కలవాటు. ఇతర గృహములలో నైన నిట్టి బాలుని “కోతిచేష్టలు మాని పుస్తకము పట్టుకొనుము” అని మందలించి యుందురు. ఆయన విషయమున నట్లు జరుగలేదు. కొంతకాలము ఉపాధ్యాయుడుగా పనిచేసి, తన విద్యతో లోకము చుట్టి, 1971 లో ఐక్యరాజ్యసమితియందు ప్రదర్శన మిచ్చెను. 2001 లో పద్మశ్రీ బిరుదము నందెను. అన్నిటికంటె గణనీయమైన దేమన, తెలుగు విశ్వవిద్యాలయమున ధ్వన్యనుకరణ మొక పాఠ్యవిషయమై, ఆయనయే దానిని బోధించెను. 2018 లో దివంగతుడగునాటికి ఆయన శిష్యవర్గము మిక్కిలి విస్తరించి యుండెను. పిల్లవాని యల్లరిగా ఎంచదగినది విశ్వవిద్యాలయ పాఠమగుట సామాన్య విషయము కాదు.

అయితే “అట్టి ప్రతిభ మా పిల్లలకు లేదే!” యని తల్లిదండ్రు లనవచ్చును. ఇదియే ముఖ్యమైన ప్రశ్న. దీనికి ఇటీవలి పరిశోధనలు చక్కని సమాధాన మిచ్చుచున్నవి. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయమున 2016 లో 39 మందిచేత ముప్పాతిక గంటసేపు బొమ్మలు గీయించి, మట్టితో రూపములు చేయించి, వారి లాలాజలమును పరీక్షించిరి. కలవరము కలిగినపుడు శరీరమున హెచ్చునట్టి కార్టిసాల్ అను స్రావము వారిలో నూటికి డెబ్బదియైదుగురికి తగ్గెను. పూర్వము కుంచె పట్టి యెరుగనివారికిని, ఎరిగినవారికిని ఈ విషయమున భేద మగపడలేదు. కాబట్టి ఔషధము చేయునది చేయు పనియేగాని, పనిలోని నేర్పు కాదు.

వ్రాతకును ఇట్టి శక్తియే కలదు. పెన్నెబేకర్, బీల్ అను వారు 1986 లో ప్రకటించిన పరిశోధనయందు, మనస్సును గాయపరచిన సంగతులను వరుసగా నాలుగు దినములు దినమునకు పదునైదు నిమిషముల చొప్పున వ్రాసికొన్న విద్యార్థులు తరువాతి మాసములలో వైద్యునికడకు పోవుట తగ్గెను. 2011 లో షికాగో విశ్వవిద్యాలయము వారు పరీక్షకు ముందు పది నిమిషములు తమ భయమునే కాగితముపై పెట్టుడని విద్యార్థులకు చెప్పగా, భయపడు స్వభావము గలవారికి మార్కులు హెచ్చినవి.

ఇందలి కారణము గ్రహించుట కష్టము కాదు. కలవరము రాబోవు దినమునందు కాపురముండును. చేతిలోని మట్టి, గొంతులోని రాగము మనస్సును ఈ క్షణమునకు పిలుచుకొని వచ్చును. పాడునపుడు ఊపిరి నెమ్మదిగా విడువవలసి యుండును. ఊపిరి దీర్ఘముగ విడిచినపుడు గుండె వేగము తగ్గును. రూపములేని భయమునకు రంగో, మాటయో, అడుగో యొక రూప మిచ్చినచో, అది మనలోనుండి వెలికివచ్చి మన యెదుట నిలుచును. ఎదుట నిలిచినదానితో మాటలాడవచ్చును. క్షయరోగియై చికిత్స పొందుచు బొమ్మలు గీసికొని యూరట నందిన ఆంగ్ల చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ 1942 లో దీనికి “కళాచికిత్స” యను నర్థముగల పేరు పెట్టెను. 2019 లో ప్రపంచ ఆరోగ్యసంస్థ వారు ఇట్టి పరిశోధనలను వేలకొలది సమీక్షించి, ఆరోగ్యమునకు కళలు తోడ్పడుచున్నవని నివేదించిరి.

ఇక నొక హెచ్చరిక. మనవారు దేనినైనను పోటీగా మార్చుటయందు సమర్థులు. సంగీతమునకు మార్కులు, చిత్రలేఖనమునకు బహుమానములు, నాట్యమునకు ధ్రువపత్రములు ఏర్పరచి, ఉన్న పరీక్షలపై మరియొక పరీక్షను మోపినచో రోగమునే మందుగా నిచ్చినవార మగుదుము. మన ఓరుగంటి స్త్రీలు బతుకమ్మ యాడుట చూడుడు. తంగేడు, గునుగు పూలు పేర్చి, చుట్టును తిరుగుచు చప్పట్లు చరచి పాడుదురు. శ్రుతి తప్పిన యవ్వను ఎవరును వెలివేయరు. కొత్తకోడలు, కూలిపని చేయునది అందరును ఒకే వలయమున నుందురు. కళాశాలలో వారమునకొక సాయంకాల మట్టి వలయ మొకటి యుండవలయును. అందు న్యాయనిర్ణేత లుండరాదు.

కళ వైద్యునకు బదులు కాదనియు మరువరాదు. దిగులు వారములతరబడి విడువనిచో, బ్రతుకుపై విరక్తి మాటలు వినవచ్చినచో ఆలస్యము చేయక వైద్యుని యాశ్రయింపవలయును. 2022 అక్టోబరులో ప్రభుత్వము వారు నెలకొల్పిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యతో మాటలాడినచో తెలుగులోనే సలహా లభించును. అట్లే అన్యాయమైన పరీక్షావిధానమును, ఇరుకు వసతిగృహములను, కులనిందను అట్లే యుంచి, బొమ్మలు గీసికొమ్మని విద్యార్థులకు చెప్పి తప్పించుకొనుటయు ధర్మము కాదు. అధికారులు చేయవలసినది అధికారులే చేయవలయును.

గృహస్థులు చేయదగినది మాత్రము నేడే చేయవచ్చును. సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డను “ఎన్ని మార్కులు?” అని యడుగుటకు ముందు “ఏమి పాడితివి? ఏమి గీసితివి?” అని యడుగుడు. వంటయింటిలో కూనిరాగము తీయు కొమార్తెను, గోడపై బొగ్గుతో గీయు కుమారుని కాలము వ్యర్థము చేయుచున్నారని కసరకుడు. ఆ గడియలో వారు తమ ప్రాణమునకు బలము కూర్చుకొనుచున్నారని తెలియుడు.