పంజరం నుండి చట్టం వరకు: తిరుపతి - చిత్తూరు ప్రాంతంలో పెంపుడు చిలుక, పునరావాస సమస్య - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగునాట చిలుకను పెంచడం తరతరాల ఆచారం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తరువాతి సవరణలు ఆ ఆచారాన్ని నేరంగా మార్చాయి. అప్పటికే పంజరాలలో ఉన్న పక్షులు, ఆ తరువాత కూడా చాటుగా చేరిన పక్షులు ఏమి కావాలన్న ప్రశ్నకు మాత్రం చట్టం అంత స్పష్టమైన సమాధానం ఇవ్వలేదు. నిషేధం ముందుకు సాగిన వేగంతో పునరావాసం సాగలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ముఖ్యపదాలు: రామచిలుక, వన్యప్రాణి చట్టం, శేషాచలం, జంతుప్రదర్శనశాల, పునరావాసం.

1. ఉపోద్ఘాతం
1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లా శేషాచలం అడవులను, విస్తారమైన మామిడితోటలను ఆనుకొని ఉన్నాయి. రామచిలుక ఈ రెండింటికీ చెందిన పక్షి. చెట్టు తొర్రలో గూడు పెట్టి, తోటలో మేస్తుంది. ఈ ప్రాంతపు మామిడిగుజ్జు పరిశ్రమకు ఆధారమైన తోతాపురి కాయకు ఆ పేరు చిలుకముక్కును పోలిన కొన వల్లనే వచ్చింది. రైతుకు పంటనష్టం కలిగించే పక్షి, ఇంట్లో ముద్దుగా పలికే పక్షి, చట్టం దృష్టిలో వన్యప్రాణి ఒకటే కావడం ఈ సమస్యకు మూలం.

2. సంస్కృతిలో చిలుక
పంజరంలోని చిలుకకు సాహిత్యం గౌరవస్థానమిచ్చింది. సంస్కృత శుకసప్తతిలో చిలుక డెబ్బై రాత్రులు కథలు చెప్పి ఇంటి ఇల్లాలిని గడప దాటకుండా ఆపుతుంది. ఆ కథాసంప్రదాయం 14వ శతాబ్దిలో నఖ్షబీ రచించిన తూతీనామా ద్వారా పారసీకానికి, 17వ శతాబ్దిలో పాలవేకరి కదిరీపతి కావ్యం ద్వారా తెలుగుకు చేరింది. ఈ కథలలో చిలుక ఇంటి మనిషితో సమానం, అయినా దాని నివాసం పంజరమే.

పంజరాన్ని పాపంగా చూసిన దృష్టి కూడా జనంలో ఉన్నది. పూర్వజన్మలో చిలుకను బంధించినందుకే భక్త రామదాసు చెరసాల అనుభవించాడన్న కథ తెలుగువారికి సుపరిచితం. శ్రీకాళహస్తిలో 1950లో విద్యాప్రకాశానందగిరి స్వామి స్థాపించిన ఆశ్రమం శుకమహర్షి పేరనే వెలిసింది.

ఈ ప్రాంతానికి సంబంధించి మరొక ఉదాహరణ విశేషమైనది. తిరుమల బ్రహ్మోత్సవాలలో గరుడసేవకు శ్రీవిల్లిపుత్తూరు నుండి గోదాదేవి మాలలతో పాటు చిలుకలు కూడా వస్తాయి. అవి ప్రాణమున్న పక్షులు కావు, ఆకులతో అల్లినవి. ఏ పక్షినీ బంధించకుండానే చిలుక పట్ల భక్తిభావాన్ని నిలుపుకొన్న సంప్రదాయమిది. దీనికి భిన్నంగా చిలుకజోస్యంలో పక్షి జీవనోపాధికి సాధనమైంది. పంజరం నుండి బయటికి వచ్చి, చీటీ తీసి, తిరిగి పంజరంలోకి వెళ్లడం దానికి నేర్పిన విద్య.

3. నిషేధం - పరిణామ క్రమం
వలసపాలనలో వచ్చిన 1912 నాటి వన్యపక్షి చట్టం ప్రధానంగా వేటపక్షులను, ఈకల వ్యాపారానికి బలవుతున్న పక్షులను దృష్టిలో పెట్టుకున్నది. ఇంటి పంజరం దాని ముఖ్యవిషయం కాదు. 1972 చట్టం పరిధిలో చిలుక నాలుగవ షెడ్యూలులో నిలిచింది. 1991 సవరణ మొదటి నాలుగు షెడ్యూళ్లలోని ప్రాణుల వేటను నిషేధించింది. చట్టనిర్వచనం ప్రకారం పట్టుకోవడం కూడా వేటే కనుక తొర్రలోని పిల్లను తీయడం నేరమైంది. 2022 సవరణ షెడ్యూళ్లను కుదించి రామచిలుకను రెండవ షెడ్యూలులో చేర్చింది. ఇది 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

న్యాయస్థానాలూ ఇదే దిశలో నడిచాయి. పంజరాలలో బంధించిన పక్షులకు స్వేచ్ఛగా ఎగిరే హక్కున్నదని 2011లో గుజరాత్ హైకోర్టు, 2015లో ఢిల్లీ హైకోర్టు అభిప్రాయపడ్డాయి.

4. వదులుకోవడంలోని చిక్కు
పంజరంలో రామచిలుక ఇరవై ఏళ్లకు పైగా బ్రతకగలదు. పిల్లలు పెద్దవారై వెళ్లిపోవడం, ఇల్లు మారడం, పెంచినవారు వృద్ధులు కావడం, పక్షి అరుపులకు ఇరుగుపొరుగు విసుగుచెందడం వంటివి ఆ కాలవ్యవధిలో సహజం. పాశ్చాత్యదేశాలలో ఇటువంటి పక్షి ఒక ఇంటి నుండి మరొక ఇంటికి మారుతుంది, ఎందుకంటే అక్కడ అది యజమాని ఆస్తి. భారతదేశంలో చట్టవిరుద్ధంగా పట్టిన, ఉంచిన వన్యప్రాణి 39వ సెక్షను ప్రకారం ప్రభుత్వ ఆస్తి. కనుక స్వదేశీ చిలుకను మరొకరికి దానమిచ్చే అధికారం పెంచినవారికి లేదు.

ఆ సెక్షనే ప్రాణి చేతికి వచ్చిన 48 గంటలలో సమీప పోలీసుస్టేషనుకు గాని, అధీకృత అధికారికి గాని తెలియజేయాలంటున్నది. పదేళ్లుగా పెంచిన వ్యక్తి నేడు తెలియజేస్తే అది అప్పగింత మాత్రమే కాదు, నేరాంగీకారం కూడా అవుతుంది. 2022లో చేర్చిన 42ఏ సెక్షను స్వచ్ఛందంగా అప్పగించే వీలు కల్పించింది గాని, అది యాజమాన్య ధ్రువపత్రం ఉన్నవారికే వర్తిస్తుంది. తొర్ర నుండి తీసి అమ్మిన చిలుకకు అట్టి పత్రం ఉండదు.

విదేశీ పక్షి విషయంలో పరిస్థితి వేరు. 2020లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ స్వచ్ఛంద ప్రకటనకు అవకాశమిచ్చింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాలు పరివేష్ పోర్టల్లో నమోదును, చేతులు మారినప్పుడు సమాచారమివ్వడాన్ని ఏర్పరచాయి. ఫలితంగా ఆఫ్రికా బూడిదరంగు చిలుకకు కాగితాలున్నాయి, శేషాచలం చిలుకకు లేవు. మొదటిది చట్టబద్ధంగా ఇల్లు మారగలదు, రెండవది మారలేదు.

భయపడిన గృహస్థుకు మిగిలిన సులభమార్గం పంజరం తలుపు తెరవడం. రెక్కలు రాకముందే గూటి నుండి తీసిన పిల్లకు మేత వెతకడం, డేగ నుండి తప్పించుకోవడం గుంపు నేర్పలేదు. రెక్కలు కత్తిరించిన పక్షికి ఎగిరే బలమే ఉండదు. కనుక పశువైద్య పరీక్ష, కొంతకాలం విడిగా ఉంచడం, పెద్ద పంజరంలో ఎగిరే అభ్యాసం, ఆపై గుంపుగా క్రమంగా విడిచిపెట్టడం అవసరం. ఎగరలేని వాటికి జీవితాంతం ఆశ్రయం కావాలి.

5. తిరుపతిలోని పూర్వోదాహరణ
అట్టి ఆశ్రయం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1998లో కేంద్రప్రభుత్వం సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతుల ప్రదర్శనను నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. సర్కసుల నుండి తెచ్చిన సింహాలకు, పులులకు ఆశ్రయమిచ్చిన కేంద్రాలలో ఒకటి తిరుపతిలో, 1987లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాలలో నెలకొన్నది. ఇక్కడ నిషేధంతో పాటే ప్రాణులకు స్థలం, మేత, వైద్యం బాధ్యతను ప్రభుత్వం స్వీకరించింది.

చిలుక ఆ పథకంలో లేదు. సర్కస్ సింహాలు లెక్కకు అందినవి, వాటి యజమానులు తెలిసినవారు. చిలుకలు వేల ఇళ్లలో విడివిడిగా దాగినవి. దయగల వ్యక్తి సొంతంగా ఆశ్రయం నడపాలన్నా, రక్షణకేంద్రం కూడా చట్టనిర్వచనంలో జంతుప్రదర్శనశాలే కనుక కేంద్ర జూ ప్రాధికార సంస్థ గుర్తింపు తప్పనిసరి.

6. ముగింపు
ఈ పరిశీలనలో తేలిన అంశాలు:
1. చిలుకను ప్రేమించే సంప్రదాయం, బంధించే సంప్రదాయం ఒకటి కావు. తిరుమలకు వచ్చే ఆకుచిలుక ఇందుకు నిదర్శనం.
2. నిషేధం పట్టడాన్ని, అమ్మడాన్ని లక్ష్యంగా చేసుకొని ఏర్పడింది. పెంచినవారు పక్షిని తిరిగి అప్పగించే దారిని అది ఏర్పరచలేదు.
3. తిరుపతి సింహాల అనుభవం నిషేధం, ఆశ్రయం జంటగా సాగగలవని నిరూపించింది.

విదేశీ పక్షుల యజమానులకు 2020లో లభించిన గడువు వంటిది స్వదేశీ చిలుకలను అప్పగించేవారికి కూడా లభిస్తే, దాగిన పక్షులు అటవీశాఖ పశువైద్యుని ముందుకు రాగలవు. అట్టి గడువు తిరిగి కొనుగోళ్లకు ప్రోత్సాహం కాకుండా, ఒకేసారి, నిర్ణీతకాలానికి పరిమితమై, అమ్మకందారులకు వర్తించకుండా ఉండాలి. అంతవరకు నేరభయం పక్షిని విడిపించడానికి బదులు దాచిపెట్టడానికే కారణమవుతూ ఉంటుంది.