బర్డో

బర్డో నింటెండో సంస్థ మారియో వీడియో గేముల్లోని పాత్ర. ఆడో మగో తేల్చే ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగవు. జపాన్‌లో పేరు కేథరిన్. 1987లో ‘డోకి డోకి పానిక్’లో పుట్టి, 1988లో ‘సూపర్ మారియో బ్రదర్స్ 2’ ద్వారా అమెరికా చేరింది. గులాబీ ఒళ్లు, తలపై ఎర్ర రిబ్బను, గుడ్లు విసిరే గొట్టంలాంటి మూతి దీని గుర్తులు. రిబ్బనును బట్టి ఆడదనుకున్నా, అమెరికా ఆటతో ఇచ్చిన పుస్తకం మాత్రం దీన్ని తనను ఆడపిల్లగా భావించుకునే మగవాడిగా పరిచయం చేసింది. 2000 నాటి ‘మారియో టెన్నిస్’లో యోషీకి జోడీగా ఆడింది. జపాన్‌లో మాత్రమే విడుదలైన ‘కెప్టెన్ రెయిన్‌బో’ (2008)లో ఆడో మగో అన్న ఈ సందేహమే ఒక కథాంశం: ఆడవాళ్ల మరుగుదొడ్డిలోకి వెళ్లినందుకు జైలుపాలైన బర్డో ఆడదేనన్న రుజువును ఆటగాడు బర్డో ఇంట్లోనే వెతకాలి. దొరికిన వస్తువును ప్రశ్నార్థకం గుర్తు కప్పేస్తుంది.